అత్త జాడీకి పడ్డ నంబరు

కిఫ్త్,
1975 జనవరి 9

ఒరేయ్ షాజ్లీ,

సలాం. ముందు పని మాట చెప్పి తర్వాత కుశలం అడుగుతాను, లేకపోతే మర్చిపోతాను. ఖుదైరీ మామ సెలవు అయిపోయి మీ తవ్వకాల దగ్గరికి వస్తున్నాడు. ఆయన చేతికి ఒక జాడీ ఇచ్చాను. రైల్లో ఒళ్లో పెట్టుకుని తెస్తానని ఒట్టు వేశాడు. అందులో ఉన్నది మన ఇంటి మిష్. ఎప్పుడో మా అమ్మ ఉప్పులో ఊరేసిన జున్ను. పాతదాంట్లోంచి ఒక గిన్నె తీసి కొత్తదానికి తోడు వేస్తూ వస్తున్నాం కదా, మీ నానమ్మ చెయ్యి ఇంకా అందులో ఉన్నట్టే. ఎండలో పొంగిన రొట్టెలో నంజుకు తిను. తెరిచాక అప్పుడప్పుడు కాసిని పాలు పోస్తూ ఉండు. నీడలో, చల్లటి ఇసుకలో మెడదాకా పాతిపెట్టు. మూత మట్టితో మెత్తి, పండగ బిస్కెట్ల మీద పువ్వు వేసే చెక్క అచ్చు దాని మీద గుద్దాను. దారిలో ఎవడైనా తెరిచి వేలు పెడితే నీకు తెలిసిపోతుంది. ఖుదైరీ మామ మీద నాకు అనుమానం లేదు, కానీ ఆయనకీ ఆకలి వేస్తుంది కదా.

అక్కడి కూలీలందరి మీదా రయీస్‌గా ఉన్న ఆయన ఈ ఏడు దిగిపోతాడట. మీ నాన్న తుహామీ ఉన్నన్నాళ్లూ రయీస్ కర్ర మన ఇంట్లోనే ఉండేది. ఇప్పుడది నీ చేతికి రావాలి. మా అన్న పోయాక నిన్ను పెంచింది ఇందుకే, జున్ను తినడానికి కాదు.

మీ చిన్నత్త నఈమాతో ఇంకా మాటల్లేవు. అమ్మ రాగి బేసిను తిరిగి ఇచ్చేదాకా ఉండవు. గోడకి అవతల ఆవిడ దగ్గుతుంది, ఇవతల నేను దగ్గుతాను, అదే మా సంభాషణ. అమ్మ వేసిన తోడు ఆవిడ జాడీలోనూ ఉందనుకో, ఆ ఇంట్లో పడ్డాక అది ఎలా ఉందో నాకు తెలీదు, తెలుసుకోను.

మా అమ్మాయి వర్దా పెళ్లి కోతలయ్యాక.

నీ మేనత్త,
హఫీజా

(రాసినది బర్సూమ్ మాస్టారు. బాబూ, మీ అత్త వేగంగా చెబుతుంది, నేను నెమ్మదిగా రాస్తాను. వదిలేసినవన్నీ తిట్లే అనుకో.)


కోమ్ సిద్ర,
జనవరి 21

అత్తయ్యా,

నీ చేతులకి నా ముద్దులు. జాడీ వచ్చింది, అచ్చు చెరగలేదు. ఖుదైరీ మామ నీ గౌరవం నిలబెట్టాడు. కానీ జాడీ గడప దాటి లోపలికి రాగానే ఈ తవ్వకాలు నడిపించే మా పురావస్తు డాక్టరమ్మ ఇల్హామ్ గారు భోజనం ముందు నుంచి లేచి నిలబడ్డారు. "షాజ్లీ, ఈ ఇంట్లో ఎవరైనా చచ్చిపోయారా?" అన్నారు. మిష్ అండి, మా అత్త పంపింది అన్నాను. మూత తెరవలేదని కూడా చెప్పాను. "తెరవకుండానే ఇంత మాట్లాడుతోందా!" అని ముక్కు మూసుకుని బయటికి చెయ్యి చూపించారు. కైరోలో పుట్టిన మనిషి, ఆవిణ్ణి తప్పు పట్టలేం.

సరే, నువ్వు చెప్పినట్టే చేశాను. మేం తవ్వుతున్న వేల ఏళ్ల నాటి శ్మశానంలో తూర్పు మూల తవ్వకం పూర్తయిపోయింది. బొమ్మలు గీసేశారు, ఎముకలు పెట్టెల్లోకి ఎత్తేశారు. ఆ ఖాళీ గుంటలో నీడ బాగా పడుతుంది. అక్కడ జాడీని మెడదాకా పాతాను. సాయంత్రాలు వెళ్లి తీసుకుందామని.

ఇక్కడ పడుకున్నవాళ్లు రాజులు కారత్తయ్యా, మనలాంటివాళ్లే. చాపలో చుట్టి ఇసుకలో పడుకోబెట్టారు. తల దగ్గర ఒక కుండ, ఒకోసారి గట్టిపడిన రొట్టె ముక్క. బంగారం మాట దేవుడెరుగు, ఒక్కరికీ పేరు కూడా లేదు. మొన్న ఒక ఆవిడ చేతి దగ్గర గిన్నె దొరికింది. దాని అంచు మీద ఏదో గీకి ఉంది. పేరే అయి ఉండాలి అన్నారు డాక్టరమ్మ, కానీ సగం అరిగిపోయి చదవడానికి రాలేదు. ఆవిడ చాలాసేపు ఆ గిన్నెని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. నాకూ మనసు అదోలా అయింది.

రయీస్ ఎవరన్నది ఈ విడత తవ్వకం ముగిసేటప్పుడు చెబుతారట. రేపు చెక్కపెట్టెల కోసం లారీలో సొహాగ్ వెళ్తున్నాను.

నీ షాజ్లీ


కిఫ్త్,
ఫిబ్రవరి 3

షాజ్లీ,

కొంప మునిగింది. నఈమా మేక గోడ దూకి వచ్చి నా జాడీ పగలగొట్టింది. పెద్ద జాడీ, తల్లి జాడీ! ఉప్పునీళ్లు మెట్ల దాకా పారాయి. మిగిలింది కోళ్లు తిన్నాయి, తిని రెండు రోజులు నీళ్లు తాగుతూనే ఉన్నాయి. మేక మంచిదే, దాన్నేమీ అనను. దానికి ఎవరు ఏం నేర్పారో నాకు తెలుసు.

ఇప్పుడు అమ్మ తోడు మిగిలింది నీ దగ్గరే. వర్దా అత్తవారింటికి మిష్ జాడీ లేకుండా వెళ్తే వాళ్లూరి ఆడవాళ్లు మూడు తరాల దాకా చెప్పుకుంటారు. ఇటు వచ్చే మనవాళ్లెవరి చేతికైనా ఇచ్చి ఒక్క గిన్నెడు పంపు. మిగతాది నువ్వే తిను, నేనేం అడగను. కొత్తది ఊరడానికి వ్యవధి కావాలి కాబట్టి ఆలస్యం చెయ్యకు.

నీ అత్త

(నఈమా గారు మేకను కట్టేసి, దానికి గడ్డి వేయకుండా శిక్షించారు. ఇది మీ అత్తతో చెప్పాను. "నాటకం" అన్నది.)


కోమ్ సిద్ర,
ఫిబ్రవరి 11

అత్తయ్యా,

మేక సంగతి విని చాలా బాధపడ్డాను. నా జాడీ గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు. క్షేమంగా ఉంది. మామూలు క్షేమం కాదు, తాళం వేసిన గదిలో ఉంది. తాళం మీద లక్క ముద్ర కూడా ఉంది. కాకపోతే ఇప్పుడే పంపడం కుదరదు.

ఇక్కడ అందరం బాగున్నాం. పెద్ద గాలిదుమారం వచ్చి వెళ్లింది. డాక్టరమ్మకి ఈ మధ్య ఒక గొప్ప వస్తువు దొరికింది, చాలా సంతోషంగా ఉన్నారు. పాట కూడా పాడుకుంటున్నారు. ఆవిడ పాడగా ఎవరూ వినలేదు ఇంతవరకూ. వర్దాకి పెళ్లి గౌను రంగు కుదిరిందా?

నీ షాజ్లీ


కిఫ్త్,
ఫిబ్రవరి 18

ఒరేయ్,

పెళ్లి గౌను రంగుతో నీకేం పనిరా? నీ బుర్ర ఎక్కడుంది? నేను జున్ను అడిగితే నువ్వు గౌను గురించి రాశావు. మాట తప్పించడానికి నోటికొచ్చింది రాసేవాణ్ణి నేను పసిగట్టలేనా?

నాకు అంతా అర్థమైంది. జున్నుకి తాళం, తాళానికి లక్క! ముందు జాడీ వాసన గిట్టదన్న డాక్టరమ్మ ఇప్పుడు పాటలు పాడుతోంది. నా జాడీ ఆవిడ గదిలో ఉంది, అంతేనా? నువ్వే ఇచ్చుంటావు. మెల్లగా రుచి మరిగించావు. ఆవిడకి ఎన్నేళ్లు? పెళ్లయిందా? కైరో పిల్ల మన ఇంట్లో పొయ్యి రాజేస్తుందా? నాకు అభ్యంతరం లేదు, చదువుకున్న మనిషి, మంచిదే. కానీ ఇంటి పెద్దగా నాకు ముందు చెప్పాలి. నా తోడు నాకు పంపి, తర్వాత ఎవరినైనా చేసుకో.

హఫీజా

(బాబూ, ఈ ఉత్తరం రాయించేటప్పుడు మీ అత్త రెండుసార్లు లేచి, తల ముసుగు కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోపమో సంతోషమో నాకు తేలలేదు.)


కోమ్ సిద్ర,
ఫిబ్రవరి 25

అత్తయ్యా,

డాక్టరమ్మకి మా అమ్మంత వయసు. ఆవిడ భర్త అలెగ్జాండ్రియాలో పళ్ల డాక్టరు. దయచేసి ఆ ఆలోచన మానెయ్. ఇక దాచలేను, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నేను సొహాగ్‌లో ఉండగా లారీ చెడిపోయి మూడు రోజులు అక్కడే చిక్కుకున్నాను. ఆ మూడు రోజులూ ఇక్కడ దుమారం. గుంటలన్నీ పూడిపోయాయి, హద్దుల కోసం పాతిన కొయ్యలు, దారాలు ఎగిరిపోయాయి. గాలి తగ్గాక డాక్టరమ్మ ఇంకా తవ్వని చోటు అనుకుని తూర్పు మూల మొదలుపెట్టారు. పార తగలగానే ఆపి, తాపీ పట్టుకుని, కుంచెతో తుడుచుకుంటూ పోయారు. ఏం దొరికిందో నీకు చెప్పాలా? మట్టి మూత, దాని మీద చెక్కుచెదరని ముద్ర. బల్లాస్ ఊరి మట్టితో చేసిన కుండ, ఆ మట్టి అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. అదే సమయానికి పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి ఉన్నారు. మధ్యాహ్నం రైలు పట్టుకోవాలన్న తొందరలో అక్కడికక్కడే రిజిస్టర్లో ఎక్కించి నంబరు వేసేశారు. నీ జాడీ ఇప్పుడు ప్రభుత్వం సొత్తు అత్తయ్యా.

నేను లారీ దిగేసరికి డాక్టరమ్మ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "షాజ్లీ, పేదవాళ్ల సమాధిలో మూత తియ్యని జాడీ! మూత మీద పువ్వు ముద్ర!" అంటూ చిన్నపిల్లలా నవ్వారు. ఆ క్షణంలో చెప్పాల్సింది. నోరు రాలేదు. జాడీని గుర్తుపట్టిన ఖుదైరీ మామ కూడా, చెప్పాల్సింది నువ్వే అన్నట్టు నాకే వదిలేశాడు. ఆ రోజు చెప్పనివాణ్ణి మర్నాడు ఎలా చెప్పను? లోపలున్నది పాల జున్నని తేలింది, ఒక గిన్నెలోకి తీసి కైరో ప్రయోగశాలకి పంపడానికి మూత వేసి ఉంచారు. దాని మీద వ్యాసం రాస్తున్నారు.

కిఫ్త్ వాడు మట్టిలోంచి తీస్తాడు, మట్టిలో పెట్టడు అనేవాడు నాన్న. తవ్వకంలో ఏదైనా పెట్టి దొరికినట్టు చూపించాడని పేరొస్తే ఆ మనిషికి ఏ శిబిరంలోనూ తట్ట మొయ్యడానికి కూడా పని ఇవ్వరు. నేను జున్ను చల్లగా ఉంటుందని పెట్టాను, కానీ ఎవరు నమ్ముతారు? చెబితే రయీస్ పని పోతుంది, నాన్న పేరు పోతుంది. చెప్పకపోతే ఆవిడ ఆ వ్యాసం అచ్చు వేయించుకుని లోకం ముందు నవ్వులపాలవుతారు. నాకు అన్నం సయించడం లేదు.

నీ షాజ్లీ

ముఖ్య గమనిక: ఈ ఉత్తరం ఎవరి ముందూ చదివించుకోవద్దు.


కిఫ్త్,
మార్చి 4

షాజ్లీ,

ముఖ్య గమనిక ఉత్తరం చివర రాస్తే ఎలారా? మాస్టారు వరండాలో కూర్చుని పైనుంచి కిందికే కదా చదువుతారు! వరండాలో ఎవరున్నారో చెప్పనా? వర్దాకి కాబోయే ఆడపడుచు. రేవులో పడవ నడిపే ముసలాయన. ఖుదైరీ మామ మేనల్లుళ్లిద్దరు, వాళ్లు రేపు పొద్దున్న రైలుకి మీ దగ్గరికే బయల్దేరుతున్నారు. గోడ అవతల నఈమా. ఈసారి ఆవిడ దగ్గలేదు. ఒకటే నవ్వు. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో.

నేను మాత్రం నవ్వలేదు. ముందు నీ మీద కోపం వచ్చింది, తర్వాత ఆ ఇన్‌స్పెక్టరు మీద, ఆ తర్వాత నా మీద. పాతిపెట్టమన్నది నేనే కదా. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. తోచాక రాస్తాను.

అత్త

(బాబూ, ఆ మాట ఉత్తరం మొదట్లో రాయవలసింది. నా పొరపాటేమీ లేదని నువ్వు ఒప్పుకుంటావని ఆశిస్తున్నాను.)


కిఫ్త్,
మార్చి 12

నాన్నా షాజ్లీ,

నోరు విప్పకు. నీ పని పోగొట్టుకోకు. నా తోడు కోసం నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్లాల్సిన అవసరం ఇక లేదు. దొరికింది.

ఎలాగని అడగకుండా ఉంటావా, చెబుతాను. నిన్న ఖాళీ గిన్నె పట్టుకుని నఈమా గుమ్మం ఎక్కాను. ముందే అనుకుని వెళ్లాను, నిలబడే అడిగి, తీసుకుని, వచ్చెయ్యాలని. ఆవిడ తలుపు తీసి గిన్నె చూసింది. జాడీ దగ్గరికి తీసుకెళ్లి, మూత తీసి, "రుచి చూడవే, అమ్మదేనో కాదో" అన్నది. నోట్లో పెట్టుకున్నాను. అమ్మదే. ఉప్పు కాస్త ఎక్కువ, అయినా అమ్మదే. కూర్చుని ఏడ్చాం ఇద్దరం. రాగి బేసిను ఆవిడ దగ్గర లేనే లేదట. ఆ గుమ్మం నేను ఎప్పుడో ఎక్కాల్సింది. మేకకి ఇప్పుడు నేనే గడ్డి వేస్తున్నాను.

కాబట్టి నువ్వు నోరు మూసుకుని పని చేసుకో. ఆ వ్యాసం సంగతి అల్లా చూసుకుంటాడు. మా అన్న కర్ర నీ చేతికి రావాలి.

నీ అత్త హఫీజా

(మీ అత్త చెప్పింది రాశాను. నా అభిప్రాయం వేరు. అడిగితే చెబుతాను.)


కోమ్ సిద్ర,
మార్చి 12

అత్తయ్యా,

చెప్పేశాను.

వర్దా పెళ్లికి తోడు లేకపోతే నీ మొహం ఎలా ఉంటుందో తలుచుకుని చెప్పానని నిన్ను సంతోషపెట్టనా? సగం అందుకే. మిగతా సగం పాట వల్ల.

ఖుదైరీ మామ మేనల్లుళ్లు దిగిన మర్నాటి నుంచీ తట్టలు మోసేవాళ్లు కొత్త పాట అందుకున్నారు. ఒకడు అడగడం, మిగతావాళ్లు హేలా కొట్టడం నీకు తెలుసు కదా.

జాడీలో ఏముందోయ్? హేలా హేలా!
రాణిగారి అత్తరా? హేలా హేలా!
కాదురా కాదు, హఫీజా జున్ను! హేలా హేలా!

రోజుకో చరణం కలుపుతున్నారు. నేను తల దించుకుని మట్టి జల్లెడ పట్టుకునేవాణ్ణి. ఒక్కడు కూడా డాక్టరమ్మతో చెప్పలేదు, నాతోనూ ఏమీ అనలేదు. పాడారంతే. ఇవాళ చరణంలో మా నాన్న పేరు వచ్చింది. పాడినవాడు పొగడ్తగానే పాడాడు. అది విన్నాక నేను జల్లెడ కింద పెట్టి నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లాను.

"అమ్మా, ఆ జాడీ మా అత్తది" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీశారు. "కూర్చో. వారం రోజులుగా ఆ పాట వింటున్నాను షాజ్లీ. నాకు ముక్కే కాదు, చెవులు కూడా ఉన్నాయి."

"మరి నన్ను అడగలేదేమమ్మా?"

"అడిగితే నువ్వు జవాబు చెప్పినట్టవుతుంది. నీ అంతట నువ్వే వచ్చి చెప్పాలనుకున్నాను." నవ్వారు. "కొయ్యలు ఎగిరిపోయాక మళ్లీ కొలవకుండా తవ్వింది నేనే కదా. ఇంట్లో నన్ను తరిమిన వాసన గుంటలో ఎలా గుర్తుపట్టలేదో! గొప్పది దొరకాలని మనసులో ఉంటే ముక్కు కూడా మూసుకుపోతుంది కాబోలు." కైరోకి రాసిన కాగితాలు తీసి నా ముందే చింపారు.

వెంటనే పోస్టాఫీసుకి వెళ్లి ఇన్‌స్పెక్టరు గారికి ఫోన్ చేశారు. నంబరు పడ్డది పడ్డట్టే, కొట్టివేయడం కుదరదు అన్నాడాయన. కొడితే ఆయన తొందర బయటపడుతుంది మరి. పక్కన అసలు సంగతి రాస్తే రాసుకోండి అన్నాడు. రాశారు. నీ జాడీ అలాగే తాళం గదిలో ఉంటుంది. కానీ ప్రయోగశాల కోసం తీసిన గిన్నెకి నంబరు లేదు. దాన్ని గుడ్డ చుట్టి డాక్టరమ్మే నా చేతిలో పెట్టారు, ముక్కు పక్కకి తిప్పుకుని. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను.

రయీస్ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. శిక్షగా ఈ విడత అయ్యేదాకా జల్లెడ తప్ప ఇంకో పని ముట్టొద్దన్నారు. కర్ర వస్తుందన్న ఆశ నాకైతే లేదు. నన్ను క్షమించు.

నీ షాజ్లీ


కోమ్ సిద్ర,
మార్చి 20

అత్తయ్యా,

"నోరు విప్పకు" అన్న నీ ఉత్తరం, నేను విప్పేశాక అందింది. చిన్నత్త గుమ్మం ఎక్కావని చదివి జల్లెడ దగ్గరే కూర్చుని ఏడ్చాను. నా కోసం నువ్వు అక్కడికి వెళ్లావు, నీ కోసం నేను డాక్టరమ్మ గదికి. ఒకరి ఉత్తరం ఇంకొకరికి అందేదాకా ఎవరం ఆగలేదు.

ఇంకో మాట. నిన్న పొద్దున్న పని మొదలయ్యే వేళ ఖుదైరీ మామ గొంతు పట్టుకుని, "నాకు ఇవాళ పలకడం లేదు, పాట నువ్వు ఎత్తు" అన్నాడు. ఆయన గొంతుకి ఏమీ కాలేదు, అంతకు ముందే వంటవాణ్ణి అరిచి తిడుతుంటే విన్నాను. రయీస్ తప్ప ఇంకొకరు పాట ఎత్తరని నీకు తెలుసు. నేనెత్తితే ఎవరూ హేలా కొట్టరేమోనని భయపడ్డాను. డాక్టరమ్మ వరండాలో నిలబడి చూస్తున్నారు.

జాడీలో ఏముందోయ్, అన్నాను.

హేలా హేలా అని అందరూ ఒక్కసారిగా అరిచారు అత్తయ్యా. నీకు కిఫ్త్ దాకా వినబడి ఉండాలి. ఆ తర్వాత మామ తన కర్ర నా పక్కన ఇసుకలో గుచ్చి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ వద్దనలేదు. తల ఊపి లోపలికి వెళ్లారు.

పని ముగిసేదాకా కర్ర అక్కడే ఉంది. సాయంత్రం నేనే తీసుకొచ్చాను.

షాజ్లీ


కిఫ్త్,
మార్చి 29

రయీస్ షాజ్లీ గారికి,

ఆ మాట రాయించడానికి మాస్టారి చేత మూడుసార్లు చదివించుకున్నాను, నచ్చేదాకా. మా అన్న ఉంటే నీ వీపు మీద ఒక్కటి చరిచి, ఇంకేమీ అనకుండా గడప దాటేవాడు. నేను ఆడదాన్ని కాబట్టి ఏడ్చాను, నఈమా కూడా, ఆవిడ నాకంటే గట్టిగా.

నీ గిన్నె చేరింది. నఈమా ఇచ్చినదీ, నువ్వు పంపిందీ కలిపి తోడు వేశాం. వర్దా జాడీ నిండింది. ఆ ఆడపడుచు ఇప్పుడు మన ఇంటి జున్ను ప్రభుత్వ మ్యూజియంలో ఉందని ఊరంతా చెప్పుకుంటోంది. కాదని ఎవరం దిద్దలేదు.

సమాధిలో ఆవిడ గిన్నె మీద పేరు చదవడానికి రాలేదని రాశావు చూడు, అది నా మనసులోనే ఉండిపోయింది. నా జాడీ ఆ గదిలోనే ఉందంటున్నావు కదా, కుదిరితే ఆవిడ గిన్నె పక్కనే పెట్టు. ఇద్దరం కాస్త మాట్లాడుకుంటాం.

నీకు ఇంకో జాడీ పంపుతున్నాం. డాక్టరమ్మకి చెప్పి, వాసన తగలని చోట పెట్టుకో. ఎక్కడా పాతిపెట్టకు. అయినా నీ మీద నమ్మకం లేక, కుమ్మరి కాల్చకముందు, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే మెడ చుట్టూ మాస్టారి చేత మేకుతో లోతుగా చెక్కించాం. ఈ ఏడాది అంకె, నా పేరు, నఈమా పేరు, పైన అమ్మ పేరు. ఎప్పటికైనా ఎవరైనా తవ్వి తీస్తే ఇది ఎవరిదో అని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిన పని ఉండకూడదు.

నీ అత్తలు,
హఫీజా, నఈమా

(అమ్మ పేరు కింద తమ పేర్లు చెక్కించేటప్పుడు వీళ్లిద్దరూ మళ్లీ పోట్లాడుకున్నారు, ఎవరి పేరు ముందు రావాలని. అందుకే జాడీ చుట్టూ గుండ్రంగా చెక్కాను. మొదలెక్కడో నాకూ తెలీదు. బర్సూమ్.)